బడిలో ఆ అరగంట

బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు నలభై మంది ఒకేసారి వాంతులు చేసుకుంటే ఊరంతా కదులుతుంది. అంబులెన్సులు వస్తాయి, తహసీల్దారు వస్తారు, సాంబారు నమూనా ల్యాబుకి వెళుతుంది, మర్నాడు జిల్లా పేజీలో ఫొటోలు పడతాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో ఆసుపత్రికి చేరినప్పుడు దిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి నిపుణులు దిగి తాగే నీళ్లు, పాలు, కూరగాయలు, రోగుల రక్తం అన్నీ పరీక్షించారు. అలా జరగాల్సిందే. అయితే అదే అన్నం, అదే గుడ్డు తిన్న పిల్లలందరూ ఆటల్లో పడిపోయి, ఒక్క పిల్ల మాత్రం పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లతో గోడకి చేరబడితే ఎవరికీ ఫోన్ వెళ్లదు. "వేడి చేసిందమ్మా, ఇంటికెళ్లి మజ్జిగ తాగు" అంటారు. వంటలో లోపం లేదు కాబట్టి భయపడాల్సిందీ లేదనుకుంటారు. ఆహార అలర్జీతో పెరిగే పిల్లలకి బడిలో ఎదురయ్యే ప్రమాదం ఆ అనుకోవడంలోనే మొదలవుతుంది. ఆ పిల్లని కాపాడటానికి బడి వంటశాలలోంచి ఏ పదార్థాన్నీ తీసెయ్యనక్కర్లేదని నేను అంటాను. ఆ పిల్ల ఎవరో ముందే తెలిసుండాలి. మొదటి లక్షణం కనపడ్డాక గడిచే అరగంటలో ఏం చెయ్యాలో బడిలో ఇద్దరు పెద్దవాళ్లకైనా తెలిసుండాలి. మిగతా ఏర్పాట్లన్నీ దీని తర్వాతే.

అలర్జీకి రొయ్యని మించిన ఉదాహరణ కొల్లేటి ప్రాంతంలో దొరకదు. కైకలూరు, ఆకివీడు, కలిదిండి చుట్టుపక్కల ఎటు చూసినా చెరువులే. 2009లో మన దేశంలో వెనామీ సాగుకి దారి తెరుచుకున్నాక రొయ్య ఈ నేల మీద ఆదాయానికీ అప్పుకీ కూడా కొలమానమైంది. రొయ్య పాడైతేనే పడదు, తాజాదైతే ఏమీ కాదు అని ఇక్కడ చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. సరిగ్గా నిలవ చెయ్యని సూర, కానాగంత లాంటి సముద్రపు చేపల్లో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. అలాంటి చేప తింటే దాదాపు ఎవరికైనా ముఖం ఎర్రబడి దురద పుడుతుంది. అది చేపలో వచ్చిన చెడు. అలర్జీ సంగతి వేరు. అక్కడ పదార్థం శుభ్రంగానే ఉంటుంది, తిన్న మనిషి రోగనిరోధక వ్యవస్థ మాత్రం అందులోని ఒక ప్రోటీన్‌ని శత్రువుగా గుర్తుపెట్టుకుని మీద పడుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి.వి. సుబ్బారావు గారి బృందం అమెరికా శాస్త్రవేత్త డీన్ మెట్‌కాఫ్‌తో కలిసి 1989లో మన తీరపు తెల్ల రొయ్య నుంచి, ఉడికించినా చెడని అలర్జీ కారకాలని వేరుచేసింది. 1993లో ఆ ముఖ్య కారకం ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్ అని తేల్చింది. ప్రపంచమంతా ఈ రోజు వల్లెవేసే ఆ విషయం మన పొరుగు రాష్ట్రంలో, మన తీరపు రొయ్య మీదే బయటపడిందని మనలో ఎంతమందికి తెలుసు? ఉడికించినా చెడదు అన్న ఆ మాటకి మన వంటిళ్లలో చాలా అర్థముంది. ఎంతసేపు వేయించినా, పులుసులో మరిగించినా, ఎండబెట్టినా అది పోదు. గోంగూరలో, చింతచిగురులో, సొరకాయ కూరలో గుప్పెడు రొయ్యపొట్టు పడితే చూపుకి అది ఆకుకూరే, కాయకూరే. రొయ్యలు ఉడికే ఆవిరితో కూడా ఆ ప్రోటీన్ గాలిలోకి చేరుతుంది. రొయ్యలు వొలిచే షెడ్లలో పనిచేసేవాళ్లకి ఆయాసం రావడానికి ఇదొక కారణం. బడి వంటలో రొయ్య ఉండదు నిజమే, కానీ పక్కవాడి క్యారేజీలో ఉంటుంది. పిల్లలు కూరలు మార్చుకోకుండా అన్నం తినే బడి ఇంకా ఎక్కడా కట్టలేదు.

ఇక బడి పెట్టే అన్నం సంగతి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర అది 2003 జనవరిలో మొదలైంది. పేర్లు మారుతూ వచ్చి, ఇప్పుడు లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడుస్తోంది. ఆ పళ్లెంలో వారానికి ఐదు రోజులు ఉడికిన గుడ్డు ఉంటుంది, కొన్ని రోజులు వేరుశనగ చిక్కీ, కొన్ని రోజులు రాగి జావ ఉంటాయి. ప్రాథమిక తరగతుల పిల్లకి ఈ ఒక్క పూటలోనే 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది జాతీయ నిబంధన. చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండే కుటుంబంలోని పిల్లకి ఆ గుడ్డు, ఆ చిక్కీ ఎంత విలువైనవో వేరే చెప్పాలా? అదే సమయంలో గుడ్డు, వేరుశనగ, పాలు చాలా దేశాల్లో పిల్లల్లో అలర్జీ తెచ్చే పదార్థాల పట్టికలో మొదటి వరసలోనే ఉంటాయి. అంటే ప్రభుత్వం మంచి మనసుతో పెట్టే పళ్లెమే ఏ బడిలోనో ఒకరిద్దరు పిల్లలకి అపాయం కావచ్చు.

"అలాగైతే గుడ్డూ చిక్కీ ఆపేస్తే పోలా?" అని అడిగేవాళ్లున్నారు. కొందరు ఈ ప్రశ్న అలర్జీ మీద దిగులుతో అడుగుతారు. గుడ్డంటే ముందునుంచీ ఇష్టం లేక, దొరికిన సాకుగా అడిగేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ జవాబు ఒకటే. బ్రిటన్, అమెరికా దేశాల్లో చాలా ఏళ్లపాటు పసిపిల్లలకి వేరుశనగ పెట్టొద్దని డాక్టర్లు చెప్పేవారు. 2015లో లండన్ కింగ్స్ కాలేజీలోని గిడియన్ లాక్ బృందం అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న 640 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం వెలువడ్డాక ఆ సలహా తలకిందులైంది. మొదటి ఏడాదిలోనే వేరుశనగ తినడం మొదలుపెట్టి క్రమంగా తింటూ వచ్చిన పిల్లల్లో ఐదో ఏటికి అలర్జీ, పూర్తిగా మానేసిన పిల్లల కంటే దాదాపు ఐదింట నాలుగు వంతులు తక్కువగా కనిపించింది. ఇప్పటికే అలర్జీ ఉన్న పిల్లలకి ఇది వర్తించదు. ఊరందరి పళ్లెంలోంచీ చిక్కీని ఎత్తేయడం మేలు చెయ్యదని మాత్రం గట్టిగా చెబుతుంది. సరే, బడి వరకైనా నిషేధిస్తే? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు బడుల లెక్కలు తీసి 2017లో ప్రచురించిన పరిశీలనలో, వేరుశనగ పూర్తిగా నిషేధించామని చెప్పుకున్న బడుల్లో, తీవ్రమైన అలర్జీకిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను వాడాల్సిన సందర్భాలు తక్కువేమీ కాలేదు. అలర్జీ ఉన్న పిల్లలకి తినడానికి వేరే బల్ల కేటాయించిన బడుల్లో మాత్రం తగ్గాయి. 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా బడి మొత్తానికి నిషేధం పెట్టడం కంటే సిబ్బందికి శిక్షణ, ఒక్కో పిల్లకీ రాసిపెట్టుకున్న ప్రణాళిక, బడిలో సిద్ధంగా ఉండే మందు ముఖ్యమన్నాయి. తమ దగ్గరున్న సాక్ష్యం అంత బలమైనది కాదని ఆ నిపుణులే ఒప్పుకున్నారు. ఆ మాట నేను దాచను. నిషేధం వైపు అంతపాటి సాక్ష్యం కూడా లేదన్నదీ నిజమే. పైగా నిషేధం ఉందన్న ధీమాతో పెద్దల చూపు సడలుతుంది.

"ఇవన్నీ విదేశాల రోగాలండీ, మన పిల్లలకి రక్తహీనత చూడండి ముందు" అన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని గౌరవించాలి. ఐరోపా దేశాలతో కలిసి కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసిన సర్వే 2016లో వెలువడింది. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి స్పందన కనిపించినవాళ్లు అందులో 26 శాతానికి పైగా ఉన్నారు. ఆ ఆహారం తింటే నిజంగా లక్షణాలు వచ్చేవాళ్లు, పరీక్షా లక్షణాలూ రెండూ కలిసినవాళ్లు, 1.2 శాతం మాత్రమే. అదే పరిశోధనలో భాగంగా బెంగళూరు పిల్లల్ని చూస్తే ఆ సంఖ్య ఇంకా చిన్నది, వెయ్యికి ఒకరో ఇద్దరో. పెద్దవాళ్ల లెక్కలో 26కీ 1.2కీ మధ్య ఉన్న అగాధం చూడండి. కాగితం మీద పాజిటివ్ వచ్చిన ఇరవై మందిలో ఒకరికే అసలు జబ్బుంది. పట్టణాల్లో ఇప్పుడు ఒకే రక్తపు చుక్కతో వంద ఆహారాలు పరీక్షిస్తామని ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఆ కాగితం పట్టుకుని ఓ తల్లి గుడ్డు, పాలు, చేప, గోధుమ అన్నీ మానిపిస్తే ఆ పిల్లకి లేని అలర్జీ బదులు నిజమైన రక్తహీనత వస్తుంది. పిల్ల ఏం తిన్నప్పుడు, ఎంతసేపటికి, ఏమైంది అన్న కథే రోగ నిర్ధారణకి పునాది. పరీక్ష దానికి తోడు మాత్రమే. కాబట్టి అరుదే, ఒప్పుకుందాం. కానీ వెయ్యికి ఒక్కరన్నా జిల్లా అంతటి బడుల్లో వందల మంది పిల్లలవుతారు. పైగా అరుదైన జబ్బుకి పెద్ద ఖర్చు కావాల్సి వస్తే అప్పుడు ఈ వాదన గట్టిగా నిలబడేది. ఇక్కడ కావాల్సింది ఒక కాగితం, ఒక మందు గొట్టం, కాస్త శిక్షణ.

ఆ మందు గొట్టం దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే ఈ విషయం మొత్తంలో ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంది. దద్దుర్లు ఒక్కటే ఉంటే భయం తక్కువ. దద్దుర్లతో పాటు గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, మళ్లీమళ్లీ వాంతులు, కళ్లు తిరగడం లాంటివి కలిశాయంటే దాన్ని వైద్యులు అనఫిలాక్సిస్ అంటారు. తనకి పడని పదార్థమే తిన్నదని తెలిసినప్పుడు దద్దుర్లు లేకుండా ఒక్క ఆయాసమే వచ్చినా అదే అనుకోవాలి. బ్రిటన్‌లో రిచర్డ్ పంఫ్రీ అనే వైద్యుడు ఇలాంటి మరణాలని ఒక్కొక్కటీ తిరగేసి 2000లో రాసిన వ్యాసంలో, ఆహారం వల్ల అయితే తిన్నప్పటి నుంచి ఊపిరో గుండో ఆగేదాకా మధ్యస్థంగా 30 నిమిషాలు పట్టిందని తేల్చారు. ఈ అరగంటలో పనిచేసే మందు అడ్రినలిన్ ఒక్కటే. తొడ బయటి వైపు కండరానికి, బరువును బట్టి కిలోకి 0.01 మిల్లీగ్రాము లెక్కన ఇస్తారు. 20 కిలోల పిల్లకి అది సాధారణ గొట్టంలోంచి 0.2 మిల్లీలీటర్లు. మనవాళ్లు ముందు వెతికేది సెట్రిజిన్, ఎవిల్. అవి దురద తగ్గిస్తాయి, మూసుకుపోతున్న గొంతుని తెరవవు. మాత్ర వేసి "చూద్దాం" అని కూర్చున్న ఆ పావుగంట మళ్లీ దొరకదు. పిల్లని లేపి నడిపించడం కూడా ప్రమాదమే. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టాలి. ఇప్పుడు మన దారులు గుర్తు చేసుకోండి. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న బడికి 108 రావడం ఒక లెక్క. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక లాంటి కొల్లేటి లంక గ్రామాల బడికి రావడం వేరే లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డు మీదనుంచే నీళ్లు పారి రాకపోకలు ఆగిపోయాయి. ఆసుపత్రికి తీసుకెళితే అక్కడ ఇంజెక్షను ఇస్తారులే అన్న మాట అరగంటలో ఆసుపత్రి ఉన్న ఊళ్లకే చెల్లుతుంది.

"టీచర్లు సూది వెయ్యడమేమిటి? ఏదైనా అయితే ఎవరు బాధ్యత?" ఇది న్యాయమైన భయం. పెన్నులా తొడకి నొక్కితే చాలనే ఇంజెక్టర్లు మన దేశంలో తేలిగ్గా దొరకవు, దొరికినా వేల రూపాయల మాట. పదుల రూపాయల్లో వచ్చే గాజు గొట్టం విరిచి, సిరంజిలోకి సరైన మోతాదు లాగి ఇవ్వమని లెక్కల మాస్టారిని అడగలేం. కానీ ఊళ్లో ఆ పని తెలిసిన మనిషి ఇప్పటికే ఉంది. టీకా వేశాక అతి అరుదుగా ఇదే అనఫిలాక్సిస్ రావచ్చు కాబట్టి, టీకాలు వేసే ఏఎన్ఎం దగ్గర అడ్రినలిన్ గొట్టాలు, సిరంజిలు, వయసు వారీ మోతాదు పట్టిక ఉన్న కిట్ ఉంటుంది. కండరానికి ఒక మోతాదు ఇచ్చి ఆ తర్వాత ఆసుపత్రికి పంపే అధికారం కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో ఆమెకి ఉంది. అంటే పసిపిల్ల టీకా కోసం ఊరిదాకా వచ్చిన ఏర్పాటు, అదే పిల్ల బడికి వెళ్లేసరికి పనికిరాకుండా పోతోంది. ఏఎన్ఎం పనిచేసే గ్రామ సచివాలయం చాలా చోట్ల బడికి నడిచేంత దూరంలోనే ఉంది. అలర్జీ పిల్ల ఉన్న బడికి ఏఎన్ఎం ఫోన్ నంబరు గోడ మీద ఉండటం, ఆమె ఫీల్డులో ఉన్న రోజు బదులు ఎవరో ముందే అనుకోవడం, గొట్టం గడువు తేదీ మూడు నెలలకోసారి చూడటం మండల స్థాయిలో ఒక్క సమావేశంతో తేలే పనులు. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి బడులే అదనపు ఇంజెక్టర్లు కొని పెట్టుకోవచ్చు. మనకి ఆ దారి తెరుచుకునేదాకా ఉన్న మనిషిని వాడుకుందాం.

ఇంజెక్షను దాకా రాకుండా చూడటం వంటశాల పని, అక్కడ అసలు శత్రువు గరిటె. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో 2003లో సబ్రీనా షానన్ అనే 13 ఏళ్ల అమ్మాయి బడి క్యాంటీన్‌లో ఆలుగడ్డ వేపుడు తిని చనిపోయింది. ఆమెకి పాలు పడవు, వేపుడులో పాలు లేవు. చీజ్ వేసిన వంటకానికి వాడిన పటకారుతోనే వేపుడు కూడా తీసి ఉంటారని తర్వాత అనుమానించారు. ఆమె పేరుతోనే 2006 జనవరి నుంచి అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది. ప్రతి బడిలోనూ సిబ్బందికి శిక్షణ ఉండాలి, అలర్జీ ఉన్న ప్రతి పిల్లకీ విడిగా రాసిన ప్రణాళిక ఉండాలి. మన బడుల్లో వంట చేసే అమ్మలకి నెలకి 3 వేల రూపాయల గౌరవ వేతనం, అదీ నెలనెలా రాదు. వాళ్ల నెత్తిన ఇంకో బాధ్యత పెట్టేముందు సిగ్గుపడాలి మనం. అందుకే అడిగేది తక్కువగా, స్పష్టంగా ఉండాలి. ఆ పిల్లకి అందరికంటే ముందు వడ్డించండి, ఇంకా ఏ గరిటే ఏ గిన్నెలోనూ కలవకముందే. పళ్లెం, గ్లాసు విడిగా ఉంచండి. గుడ్డు పడని పిల్లకి గుడ్డు తీసి పక్కన పెట్టి అదే పళ్లెం ఇవ్వకండి, దాని బదులు అంత బలమున్నది ఇంకేదైనా ఇవ్వండి. చిక్కీ పంచిన రోజు పిల్లలందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఉత్త నీళ్లకీ, శానిటైజర్‌కీ వేరుశనగ ప్రోటీన్ పూర్తిగా పోదని ప్రయోగాల్లో తేలింది. నూనె గురించీ ఒక మాట. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు, ఆరోగ్యమని ఇప్పుడు అందరూ ఎగబడుతున్న గానుగ నూనెలో ఉంటుంది. కొనుక్కొచ్చే బిస్కెట్ల సంగతైతే, అలర్జీ పదార్థాలు ప్యాకెట్ మీద ప్రకటించాలని దేశ ఆహార ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. ఆ ప్రకటన చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ఏడో తరగతి పిల్లకి ఏం ఉపయోగమో ఆ సంస్థే చెప్పాలి.

"ఇలా ముందు వడ్డన, వేరే పళ్లెం అంటే పిల్లని వేలెత్తి చూపినట్టే కదా?" అని తల్లిదండ్రులే వెనకాడుతుంటారు. ఎగతాళి ఉంటుంది, కాదనను. 2017లో లండన్ పశ్చిమాన ఒక బడిలో 13 ఏళ్ల అబ్బాయి మీదకి తోటి పిల్లవాడు చీజ్ ముక్క విసిరాడు. పాలు పడని ఆ అబ్బాయి ఆసుపత్రిలో చనిపోయాడు. విచారణలో బడి దగ్గరున్న ఇంజెక్షను గడువు దాటి చాలా నెలలైందని తేలింది. ఆ అబ్బాయికి అలర్జీ ఉందని బడికి తెలుసు. తోటివాళ్లకి తెలియనిది, అది ప్రాణం తీస్తుందని. గుట్టుగా ఉంచితే ఆ అజ్ఞానం ఇంకా పెరుగుతుంది. చెబితే, వివరంగా చెబితే, క్లాసులో సగం మంది కాపలాదారులవుతారు. పిల్లలకి రహస్యం కంటే బాధ్యత ఎక్కువ ఇష్టం.

ఇంట్లో నాయనమ్మలు చెప్పే మాట ఇంకొకటుంది. కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుందని. నవ్వి తోసెయ్యాల్సిన మాటేం కాదు. కొలిచిన వేరుశనగ పొడిని సూక్ష్మమైన మోతాదులతో మొదలుపెట్టి పెంచుతూ పోయే చికిత్సకి అమెరికా 2020 జనవరిలో అనుమతి ఇచ్చింది. కానీ అక్కడ మొదటి మోతాదూ, పెంచిన ప్రతి మోతాదూ వైద్యుల ఎదుటే ఇస్తారు, ప్రతిచర్యకి మందు చేతిలో ఉంచుకుని. ఇంట్లో రొయ్య ముక్క గిల్లి పెట్టడం ఆ చికిత్స కాదు. మరోవైపు, కొన్ని అలర్జీలు వాటంతటవే పోతాయన్నది కూడా నిజం. పాలు, గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేసరికి పడతాయి. వేరుశనగ అయితే ఐదుగురిలో ఒకరికి. చేప, రొయ్య అలర్జీలు మాత్రం ఎక్కువమందితో జీవితాంతం ఉండిపోతాయి. కాబట్టి మూడో ఏట పెట్టిన నిషేధాన్ని పదో ఏట ఆసుపత్రిలో, డాక్టరు పర్యవేక్షణలో తిరిగి పరీక్షించాలి. అయిపోయిన అలర్జీకి గుడ్డు మానుకుని పెరగడం కూడా నష్టమే.

పెరిగేకొద్దీ ఈ జాగ్రత్త తల్లి చేతిలోంచి పిల్ల చేతిలోకి మారాలి. ఆరేళ్లకి "ఎవరిచ్చినా అడక్కుండా తినను" అనడం, పదేళ్లకి ప్యాకెట్ చదవడం, పధ్నాలుగేళ్లకి లక్షణాలు గుర్తుపట్టి నోరు తెరిచి చెప్పడం. ఆహార అలర్జీ మరణాలు ఎక్కువగా పసివాళ్లలో ఉంటాయనుకుంటాం, నిజానికి పదిహేను నుంచి ఇరవై ఐదు మధ్య వయసువాళ్లలో ఎక్కువ. ఆయాసం అదుపులో లేనివాళ్లకి మరీ ప్రమాదం. మన దగ్గర సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు గురుకులాలకీ, ఇంటర్మీడియెట్ హాస్టళ్లకీ వెళతారు, మూడు పూటలా ముక్కూ మొహం తెలియని వంటగాడి చట్నీలు తింటారు. ఆ చట్నీల్లో సగం పల్లీవే. పిల్లల ఆరోగ్యం కోసం 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకొచ్చి ఆయాసం ఉన్న పిల్లల్ని ఇప్పటికే వెతుకుతున్నాయి. అదే కుర్చీలో కూర్చున్న పిల్లని "ఏం తింటే నీకు పడదు, తింటే ఏమయింది?" అని అడగడానికి ఒక నిమిషం చాలు. హాస్టల్ అడ్మిషన్ ఫారంలో కులానికీ, ఆధార్‌కీ, బ్యాంకు ఖాతాకీ గళ్లున్నాయి. ఈ ప్రశ్నకి గడి పెట్టడానికి జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు, వచ్చే జూన్‌లో వార్డెన్ గారు స్కేలు పెట్టి గీసుకోవచ్చు.